నొక్కే ముందు మూటలో ఏముందో చూడండి

బండ్లర్లు, మినిఫయర్ల మీద ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం "ఏ పనిముట్టు మంచిది?" అనే మాటతోనే మొదలవుతాయి. దానికీ జవాబు ఇస్తాను, కానీ కాస్త వెనక. సైటు బరువును నిర్ణయించేది పనిముట్టు పేరు కాదు, దానికి మనం అప్పగించే సరుకు. ఇది నా గట్టి నమ్మకం. ఉత్తరాల వరుసను కూడా ఆ నమ్మకం ప్రకారమే పెట్టాను.

ప్రశ్న: మేడమ్, వెబ్ నిర్మాణం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. బండిల్ చేయడం, మినిఫై చేయడం, కంప్రెస్ చేయడం అని మూడు మాటలు ప్రతి పాఠంలోనూ కలిసే వస్తున్నాయి. మూడూ ఫైలును చిన్నది చేయడానికే అయితే ఒకటి చేస్తే చాలదా?

జవాబు: చాలదు. మూడూ వేర్వేరు చోట్ల జరిగే పనులు. బండ్లర్ మీ ఫైళ్లలో ఏది దేన్ని పిలుస్తోందో ఆరా తీసి, అన్నిటినీ ఒకటిగానో కొన్నిగానో కూరుస్తుంది. మినిఫయర్ ఆ కూర్చిన కోడ్‌ను అర్థం చెడకుండా పొట్టి చేస్తుంది. వ్యాఖ్యలు, ఖాళీలు తీసేస్తుంది. ఫంక్షన్ లోపలి వేరియబుల్ పేర్లను ఒక్క అక్షరానికి దించుతుంది. ట్రూ అని రాసిన చోట ఆశ్చర్యార్థకం, సున్నా పెడుతుంది. ఎన్నటికీ అమలు కాని ఇఫ్ భాగాన్ని కోసేస్తుంది. ఈ రెండు పనులూ సైటు విడుదలకు ముందే పూర్తవుతాయి. కంప్రెషన్ మాత్రం ప్రయాణానికి సంబంధించినది. సర్వర్ జీజిప్ లేదా బ్రాట్లీ పద్ధతిలో కుదించిన ఫైలును పంపుతుంది, బ్రౌజర్ దాన్ని విప్పుకుంటుంది. జావాస్క్రిప్ట్ ఇంజిన్ చదివేది విప్పిన రూపాన్నే.

ఆ చివరి వాక్యాన్ని మరోసారి చదవమని కోరుతున్నాను. జీజిప్ ఉంది కదా అని మినిఫై మానేస్తే ప్రయాణం తేలికవుతుంది గానీ, అవతలి ఫోను చదవాల్సిన కోడ్ అంతే పెద్దదిగా ఉంటుంది.

జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ 3.7.1 వెర్షన్ తీసుకోండి. మనుషులు చదువుకోవడానికి వీలుగా ఉన్న ఫైలు సుమారు 285 కిలోబైట్లు. మినిఫై చేసినది సుమారు 87. దాన్ని జీజిప్ చేసి పంపితే ప్రయాణించేది 30 దరిదాపు. రెండు మెట్లూ దిగితేనే ఆ చివరి అంకె వస్తుంది.

బండిల్ చేయడానికి మొదట్లో ఉన్న కారణం పరిమాణం కాదు, ఫైళ్ల సంఖ్య. హెచ్‌టీటీపీ 1.1 కాలంలో బ్రౌజర్లు ఒక్కో సర్వర్‌కు మామూలుగా ఆరు కనెక్షన్లే తెరిచేవి. పేజీకి అరవై ఫైళ్లు కావాలంటే తక్కినవన్నీ తమ వంతు కోసం ఆగాల్సిందే. అందుకే అన్నిటినీ కలిపి ఒక్కటి చేసేవారు.

ప్రశ్న: హెచ్‌టీటీపీ 2 వచ్చాక ఒకే కనెక్షన్‌లో ఎన్ని ఫైళ్లయినా కలిసి వస్తాయంటున్నారు. ఇంపోర్ట్ వాక్యాలు బ్రౌజర్లకు నేరుగా అర్థమవుతున్నాయి. ఇక బండ్లర్ అవసరం తీరిపోయినట్టే కదా?

జవాబు: చిన్న సైటుకు తీరిపోయింది, ఈ మాట సంతోషంగానే చెబుతున్నాను. పది పదిహేను మాడ్యూళ్లు (ఒకదాన్నొకటి పిలుచుకునే కోడ్ ఫైళ్లు), ఒకటి రెండు బయటి లైబ్రరీలు ఉన్న సైటును బిల్డ్ (విడుదలకు ముందు ఫైళ్లను తయారు చేసే దశ) అన్నదే లేకుండా నడపవచ్చు. ఫలానా లైబ్రరీ ఫలానా చిరునామాలో ఉందని బ్రౌజర్‌కు చెప్పే ఇంపోర్ట్ మ్యాప్‌లు 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ పనిచేస్తున్నాయి. రాసింది రాసినట్టే నడిచే సైటును సరిదిద్దడం కూడా సులువు.

పెద్ద సైటు సంగతి వేరు. 2015లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీటీపీ 2 వరుసలో నిలబడే అవస్థను చాలావరకు తీర్చింది. కానీ ఏ ఫైలు కావాలో ముందుగా తెలియకపోవడం అనేది ఇంకో అవస్థ. మొదటి ఫైలు వచ్చి, దాన్ని చదివితేనే అందులో రెండోదాని పేరు ఉందని బ్రౌజర్‌కు తెలుస్తుంది. రెండోది వస్తే మూడోదాని పేరు తెలుస్తుంది. ఇంపోర్ట్‌ల లోతు ఆరు మెట్లయితే సర్వర్ దాకా ఆరు రాకపోకలు తప్పవు, అదీ ఒకదాని తరువాత ఒకటిగా. నెట్‌వర్క్ మందకొడిగా ఉన్నచోట కాలమంతా ఈ రాకపోకలకే పోతుంది. కావాల్సిన మాడ్యూళ్ల జాబితాను మాడ్యూల్‌ప్రీలోడ్ ట్యాగులతో ముందే ఇవ్వవచ్చు. అయితే ఆ జాబితాను తప్పుల్లేకుండా తయారు చేయడానికి మళ్లీ ఒక పనిముట్టే కావాలి.

వీట్ అనే బిల్డ్ పనిముట్టు పత్రాల్లో ఒక మంచి ఉదాహరణ ఉంది. లోడాష్ అనే సహాయక ఫంక్షన్ల లైబ్రరీకి మాడ్యూల్ రూపమైన లోడాష్-ఈఎస్ ప్యాకేజీ లోపల 600కు పైగా మాడ్యూళ్లు ఉన్నాయి. అందులోంచి ఒక్క ఫంక్షన్ అడిగినా బ్రౌజర్ అన్ని అభ్యర్థనలూ పంపుతుంది. అందుకే అభివృద్ధి సమయంలో మీ ఫైళ్లను విడివిడిగా అందించే వీట్ సైతం బయటి లైబ్రరీలను ముందుగానే కట్టి ఉంచుకుంటుంది.

జీజిప్ వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. అది వెనకటి 32 కిలోబైట్లలో ఇంతకుముందు వచ్చిన ముక్క మళ్లీ కనిపిస్తే, దాన్ని తిరిగి రాయకుండా పాత చోటును చూపిస్తుంది. ఫైళ్లు విడివిడిగా ఉన్నప్పుడు ఒకదానిలోని పోలిక ఇంకోదానికి అక్కరకు రాదు. కలిపి ఉన్నప్పుడు వస్తుంది.

ప్రశ్న: లోడాష్ నుంచి డిబౌన్స్ అనే ఒక్క ఫంక్షన్ మాత్రమే వాడాను. ట్రీ షేకింగ్ ఉంటుంది కనుక మిగతాది బండిల్‌లోకి రాదనుకున్నాను. తీరా చూస్తే మొత్తం లైబ్రరీ వచ్చి కూర్చుంది. నేను వాడే బండ్లర్ వెబ్‌ప్యాక్‌లో లోపమా, నేను ఏదైనా అమర్చలేదా?

జవాబు: రెండూ కాదు, ఆ ప్యాకేజీని రాసిన పద్ధతి అలాంటిది. ఈ నెల ఉత్తరాలన్నిటిలోనూ నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే మీరు బండిల్‌ను తెరిచి చూశారు.

వాడని కోడ్‌ను వదిలేయడమే ట్రీ షేకింగ్. అలా వదలాలంటే అది వాడనిదని కోడ్‌ను నడపకుండానే తేల్చగలగాలి. 2015లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చిన మాడ్యూల్ పద్ధతి ఇందుకు తోడ్పడుతుంది. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ వాక్యాలు ఫైలు పైమెట్టులోనే ఉండాలి, పేర్లు రాసినప్పుడే ఖాయం కావాలి. కాబట్టి చదివినంత మాత్రాన ఎవరు ఏది అడిగారో తెలిసిపోతుంది. అదే సంవత్సరం వచ్చిన రోలప్ అనే బండ్లర్ ఈ లక్షణాన్ని ఆధారం చేసుకునే ట్రీ షేకింగ్‌ను వెబ్ ప్రపంచంలో అందరి నోటా పలికించింది. అంతకు ముందు నుంచీ, సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఉన్న కామన్‌జేఎస్ పద్ధతిలో రిక్వైర్ అన్నది మామూలు ఫంక్షన్ పిలుపు. దానికి ఇచ్చే పేరును నడుస్తున్నప్పుడు అప్పటికప్పుడు కూర్చవచ్చు. బయటికిచ్చే వస్తువుకు ఎప్పుడైనా ఏదైనా తగిలించవచ్చు. అలాంటి కోడ్ విషయంలో పనిముట్టు జాగ్రత్తపడి అన్నిటినీ ఉంచేస్తుంది. అలా ఉంచడమే సరైన పని కూడా. లోడాష్ ప్రధాన ఫైలు ఆ పాత పద్ధతిలో ఒకే పెద్ద ముక్కగా ఉంది. లోడాష్-ఈఎస్‌కు మారండి, లేదా డిబౌన్స్ ఉన్న ఒక్క ఫైలునే దాని దారి రాసి తెచ్చుకోండి.

మీ సొంత కోడ్‌ను కూడా ఒకసారి పరీక్షించండి. టైప్‌స్క్రిప్ట్ వాడుతుంటే దాని అమరికల్లో మాడ్యూల్ అన్నచోట కామన్‌జేఎస్ అని ఉంటే, మీరు ముచ్చటగా రాసుకున్న ఇంపోర్ట్‌లన్నీ బండ్లర్ దాకా రాకముందే రిక్వైర్‌లుగా మారిపోతాయి. బండ్లర్ చూసేది ఆ మారిన రూపాన్నే. ఈఎస్‌నెక్స్ట్ అని మారిస్తే చాలు. నేను సమీక్షకు తీసుకునే ప్రాజెక్టుల్లో మొదట చూసే వాక్యం ఇదే. ఒక్క మాట మార్పుతో ఇంత ఫలితం వచ్చే చోటు ఈ రంగంలో మరొకటి నాకు కనిపించలేదు.

ఇక అసలు చిక్కు సైడ్ ఎఫెక్ట్. ఒక మాడ్యూల్ నుంచి మీరు ఏమీ వాడకపోయినా, అది లోడ్ కావడమే ఒక పని చేయవచ్చు. అర్రేలకు కొత్త మెథడ్ తగిలించవచ్చు, ఒక పట్టికలో తన పేరు నమోదు చేసుకోవచ్చు. అలాంటి మాడ్యూల్‌ను పీకేస్తే సైటు చెడుతుంది. ఏది నిరపాయమో పనిముట్టు ప్రతిసారీ రుజువు చేసుకోలేదు. అందుకే ప్యాకేజ్ జేసన్ ఫైలులో సైడ్‌ఎఫెక్ట్స్ అనే గడికి ఫాల్స్ అని రాసి, మా ప్యాకేజీలో అలాంటివేమీ లేవని రచయితే హామీ ఇస్తాడు. ఫంక్షన్ పిలుపుల ముందు ప్యూర్ అనే ప్రత్యేక వ్యాఖ్య రాయడం కూడా ఇలాంటి హామీయే.

హామీ అన్నాను కనుక హెచ్చరిక కూడా చెప్పాలి. ఒక బృందం తమ ప్రాజెక్టు మొత్తానికి ఆ ఫాల్స్ పెట్టింది. బండిల్ చిన్నదైంది. అయితే విడుదలైన పేజీలో బటన్ల రంగులు, అంచులు కనిపించలేదు. సీఎస్‌ఎస్ ఫైలును పేరు లేకుండా కేవలం ఇంపోర్ట్ చేస్తాం కదా, అది పూర్తిగా సైడ్ ఎఫెక్ట్ కోసమే. ఫాల్స్ అనగానే వెబ్‌ప్యాక్ వాటిని కూడా వదిలేసింది. ఫాల్స్ బదులు ఒక జాబితా ఇచ్చి, అందులో సీఎస్‌ఎస్ ఫైళ్లను మినహాయింపుగా చేర్చితే సరిపోతుంది.

చూసే పద్ధతి కూడా చెబుతాను. వెబ్‌ప్యాక్‌కు బండిల్ అనలైజర్, రోలప్‌కు, వీట్‌కు విజువలైజర్ ప్లగిన్ ఉన్నాయి. ఈఎస్‌బిల్డ్ అనే మరో బండ్లర్ మెటాఫైల్ అనే నివేదిక ఇస్తుంది, దాన్ని దాని విశ్లేషణ పేజీలో తెరవవచ్చు. ఏ ప్యాకేజీ ఎంత చోటు ఆక్రమించిందో ఇవి పెట్టెల బొమ్మగా చూపిస్తాయి. పెద్ద పెట్టెల మీదే దృష్టి పెట్టండి. తేదీల కోసం మొమెంట్ వాడే పాత ప్రాజెక్టు చేతికొస్తే ఆ బొమ్మలో పదుల కొద్దీ భాషల ఫైళ్లు కనిపిస్తాయి. భాష పేరును అప్పటికప్పుడు కూర్చి రిక్వైర్ చేస్తుంది కనుక, ఏది కావాల్సి వస్తుందో తెలియని వెబ్‌ప్యాక్ అన్నిటినీ కట్టేస్తుంది. మొమెంట్ నిర్వాహకులే 2020లో ఇకపై కొత్త హంగులు చేర్చబోమనీ, కొత్త ప్రాజెక్టులకు వేరేదాన్ని ఎంచుకోమనీ ప్రకటించారు. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు రెండు పెట్టెల్లో కనిపించడం కూడా మామూలే. ఎన్‌పీఎం ఎల్ఎస్ ఆదేశంతో అవి ఎవరి ద్వారా వచ్చాయో కనిపెట్టవచ్చు.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో చక్కగా నడిచే సైటు, మినిఫై చేసి విడుదల చేయగానే విరిగిపోతోంది. మినిఫై మానేస్తే బాగుంటోంది. ఇలా ఉంచేయవచ్చా?

జవాబు: ఉంచకండి. మినిఫయర్ మీ కోడ్‌లో ఉన్న ఒక బలహీనతను బయటపెట్టింది. అదేమిటో కనుక్కోవడానికి ఇదే అదను.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పేరు మీద ఆధారపడిన కోడ్. మీరు ఒక వస్తువు ఏ క్లాసుదో తెలుసుకోవడానికి కన్‌స్ట్రక్టర్ పేరును అక్షరాలతో పోలుస్తున్నారనుకోండి. మినిఫై తరువాత ఆ క్లాసు పేరు ఒక్క అక్షరమైపోతుంది. కోట్ గుర్తుల మధ్య ఉన్న అక్షరాలు మాత్రం మారవు. పోలిక తప్పుతుంది, ఎర్రర్ కూడా రాదు. ఆంగ్యులర్‌జేఎస్ అనే పాత ఫ్రేమ్‌వర్క్ వాడినవారికి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. అది ఫంక్షన్ పాఠాన్ని చదివి, పారామీటర్ల పేర్లను బట్టి ఏ సేవను అందించాలో నిర్ణయించేది. పేర్లు కుదించగానే ఏమీ దొరికేది కాదు. అందుకే అదే పేర్లను కోట్ గుర్తుల మధ్య మరోసారి జాబితాగా రాయాల్సి వచ్చేది. టెర్సర్ అనే మినిఫయర్‌లో, ఈఎస్‌బిల్డ్‌లో పేర్లను కాపాడే అమరికలు ఉన్నాయి. వాటితో తాత్కాలికంగా ఊపిరి తీసుకోవచ్చు. అసలు పరిష్కారం పేరుతో పోల్చడం మాని ఇన్‌స్టాన్స్‌ఆఫ్ వాడటం, లేదా వస్తువులోనే రకం చెప్పే గడి ఒకటి పెట్టుకోవడం.

లక్షణాల పేర్లను, అంటే చుక్క తరువాత వచ్చే పేర్లను కుదించే అమరికను ఎవరైనా ఆన్ చేశారేమో చూడండి. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. సర్వర్ పంపే జేసన్‌లోని పేరు ఒకటి, మీ కోడ్ అడిగే పేరు ఒకటి అయితే పని నడవదు. కోడ్ మొత్తం తమ అదుపులో ఉన్నవారికి తప్ప ఆ అమరికను నేను ఎవరికీ సూచించను.

మీ సైటు పాతదై, ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి అంటించే పద్ధతిలో ఉంటే సెమీకోలన్ చూడండి. మొదటి ఫైలు ఒక వేరియబుల్‌కు ఫంక్షన్ ఇచ్చి, సెమీకోలన్ లేకుండా ముగిసిందనుకోండి. రెండో ఫైలు కుండలీకరణంలో పెట్టిన ఫంక్షన్‌తో మొదలైందనుకోండి. విడివిడిగా రెండూ సరైనవే. అంటించగానే ఆ కుండలీకరణం మొదటి ఫంక్షన్‌ను పిలవడమని అర్థం మారిపోతుంది. మాడ్యూళ్లను అర్థం చేసుకునే బండ్లర్లతో ఈ ప్రమాదం లేదు.

సీఎస్‌ఎస్‌లోనూ ఇలాంటిదొకటి ఉంది. క్యాల్క్ లోపల కూడిక, తీసివేత గుర్తులకు రెండు పక్కలా ఖాళీ ఉండి తీరాలి. మంచి మినిఫయర్లు దాన్ని ముట్టుకోవు. ఎవరో చేతితో రాసిన, ఖాళీలన్నిటినీ గుడ్డిగా తుడిచే స్క్రిప్ట్ వాడుతుంటే మాత్రం వెంటనే మార్చండి.

ప్రశ్న: మినిఫై చేసిన కోడ్ ఎవరికీ అర్థం కాదు కదా. చెల్లింపుల సేవకు సంబంధించిన రహస్య తాళాన్ని (కీని) అందులో ఉంచితే ఇబ్బంది లేదనుకుంటున్నాను. సోర్స్ మ్యాప్ ఒక్కటి పెట్టకుండా ఉంటే చాలా?

జవాబు: దయచేసి ఆ తాళాన్ని ఈరోజే అక్కడి నుంచి తీసేయండి, పాతదాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి. అక్షరాలు ఇరికించి రాసినంత మాత్రాన ఉత్తరం రహస్యమైపోదు. మినిఫయర్ వేరియబుల్ పేర్లను మారుస్తుంది గానీ, కోట్ గుర్తుల మధ్య ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుతుంది. మీ తాళం ఉన్నది సరిగ్గా అక్కడే. డెవలపర్ టూల్స్‌లో ఒక్క బటన్ నొక్కితే కోడ్ వరుసలుగా విచ్చుకుంటుంది. ఎన్విరాన్‌మెంట్ ఫైలులో పెట్టాను కదా అని కూడా అనుకోకండి. వీట్ తన పేరుతో మొదలయ్యే వేరియబుళ్ల విలువలను బిల్డ్ సమయంలో నేరుగా బండిల్‌లోకి అచ్చు వేస్తుంది. బ్రౌజర్‌కు వెళ్లేది ఏదైనా బహిరంగమే. రహస్యంతో చేయాల్సిన పని సర్వర్‌లో చేయండి.

సోర్స్ మ్యాప్ ప్రశ్న వేరు. మినిఫై అయిన కోడ్‌లో ఎర్రర్ వచ్చిన చోటు అసలు ఫైలులో ఏ వరుస, ఏ అక్షరమో చెప్పే పటం అది. డెవలపర్ టూల్స్ తెరిచినప్పుడే బ్రౌజర్ దాన్ని తెస్తుంది కనుక మామూలు సందర్శకులకు భారం కాదు. అయితే సాధారణంగా అందులో మీ అసలు కోడ్ మొత్తం ఉంటుంది. బయట పెట్టడం ఇష్టం లేకపోతే హిడెన్ అనే అమరిక ఎంచుకోండి. మ్యాప్ తయారవుతుంది గానీ, బండిల్ చివర దాని చిరునామా ఉండదు. ఆ ఫైలును పబ్లిక్ సర్వర్ మీదికి ఎక్కించకుండా, ఎర్రర్ నివేదికల సేవకు మాత్రం ఇవ్వండి. మ్యాప్ తయారు చేయడమే మానేయడం మాత్రం నేను ఒప్పుకోను. విడుదలైన సైటులో లోపం వచ్చినప్పుడు ఒక్క వరుసలో ఉన్న వేల అక్షరాల మధ్య వెతకడం ఎవరికీ పెట్టకూడని శిక్ష.

ప్రశ్న: మా యాప్‌లో సందేశాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఈఎస్‌బిల్డ్‌తో మినిఫై చేస్తే ఆ సందేశాల ఫైలు తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది. తెరిచి చూస్తే తెలుగు అక్షరాలు ఒక్కటీ లేవు, అన్నీ గీతలు, అంకెలే. ఇది ఎలా సాధ్యం?

జవాబు: అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ఈఎస్‌బిల్డ్ తన ఫలితంలో మామూలుగా ఆస్కీ అక్షరాలనే (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు) ఉంచుతుంది. తక్కినవాటిని వాలుగీత, యు అక్షరం, నాలుగు అంకెల రూపంలోకి మారుస్తుంది. అంటే ఒక్కోదానికి 6 బైట్లు. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు. 18 బైట్ల మాట 36 బైట్లవుతుంది. మీరు చూసిన రెట్టింపు ఇదే.

ఇలా చేయడానికి కారణం లేకపోలేదు. పేజీ తన లిపి సంకేతాన్ని ప్రకటించకపోతే బ్రౌజర్ వేరేగా ఊహించుకుని అక్షరాలను చెరిపేస్తుంది. ఆస్కీలో ఉంటే ఆ ప్రమాదం ఉండదు. మీ పేజీ తల భాగంలో యూటీఎఫ్-8 అనే ప్రకటన ఉంటే, ఈఎస్‌బిల్డ్‌కు చార్‌సెట్ యూటీఎఫ్8 అనే అమరిక ఇవ్వండి. అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. టెర్సర్‌లో ఆస్కీకి మార్చే అమరిక మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది కనుక అక్కడ ఈ సమస్య రాదు. మార్చిన రూపంలో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి జీజిప్ తరువాత తేడా బాగా తగ్గుతుంది, నిజమే. అయినా సరిచేయండి. బండిల్ తెరిచినప్పుడు మన సందేశం మనకు చదవగలిగేలా కనిపించడం కూడా ఒక విలువే.

ప్రశ్న: అందరూ వాడే లైబ్రరీని పబ్లిక్ సీడీఎన్ (అందరికీ ఫైళ్లు అందించే సర్వర్ల వ్యవస్థ) నుంచి తెస్తే, వేరే సైటు చూసినప్పుడే అది సందర్శకుల బ్రౌజర్ దాచుకునే కాష్‌లో ఉండి ఉంటుంది కదా. బండిల్‌లో కలపడం దండగ కాదా?

జవాబు: ఒకప్పుడు అది మంచి సలహాయే. ఇప్పుడు బ్రౌజర్లు ఒక్కో సైటుకు కాష్‌ను విడిగా ఉంచుతున్నాయి. క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో ఈ పద్ధతికి వచ్చాయి. సఫారీ అంతకు చాలా ముందే మొదలుపెట్టింది. ఇంకో సైటు తెచ్చిన ఫైలు మీ సైటుకు పనికిరాదు. పైగా కొత్త సర్వర్‌తో కనెక్షన్ కలుపుకునే ఖర్చు. మీ సర్వర్ నుంచే ఇవ్వండి.

ప్రశ్న: వెబ్‌ప్యాక్ నేర్చుకున్నాను, ఇప్పుడు అందరూ వీట్ అంటున్నారు. రేపు ఇంకొకటి అంటారేమో. దేన్ని నమ్ముకోవాలి?

జవాబు: కొత్త ప్రాజెక్టుకు వీట్‌తో మొదలుపెట్టండి. ఇతరులకు అందించే చిన్న లైబ్రరీ రాస్తుంటే రోలప్. ఒకే ఫైలును వేగంగా కట్టాలంటే ఈఎస్‌బిల్డ్ నేరుగా. నడుస్తున్న వెబ్‌ప్యాక్ ప్రాజెక్టును ఫ్యాషన్ కోసం కదపకండి. దానికి కట్టుకున్న ప్లగిన్లు, లోడర్లు అన్నిటికీ ప్రత్యామ్నాయాలు వెతకడానికి పట్టే కాలంలో, పై జవాబుల్లో చెప్పిన పెద్ద పెట్టెలు తీసేసి సందర్శకులకు నేరుగా మేలు చేయవచ్చు. బిల్డ్ నిమిషాల కొద్దీ పట్టి బృందం పని ఆగిపోతుంటే అప్పుడు మార్పు న్యాయమే. వెబ్‌ప్యాక్ అమరికలను చాలావరకు అలాగే స్వీకరించే ఆర్ఎస్‌ప్యాక్ ఒక దగ్గరి దారి.

ఈ పరంపరలో ప్రతి ఒక్కటీ ముందున్నదాని ఒక లోటును పట్టుకుని పుట్టింది. 2011లో వచ్చిన బ్రౌజరిఫై నోడ్ మాడ్యూళ్లను బ్రౌజర్‌లోకి తెచ్చింది. మరుసటి ఏడాది మొదలైన వెబ్‌ప్యాక్ బొమ్మలను, సీఎస్‌ఎస్‌ను కూడా మాడ్యూళ్లుగా చూసి, కోడ్‌ను ముక్కలుగా విడగొట్టి అవసరమైనప్పుడు తెప్పించడం నేర్పింది. రోలప్ వాడని కోడ్‌ను వదలడం మీద దృష్టి పెట్టింది. 2017లో పార్సెల్ అమరికలు రాయకుండానే పని మొదలుపెట్టవచ్చని చూపింది. 2020లో ఇవాన్ వాలెస్ గో భాషలో రాసిన ఈఎస్‌బిల్డ్ వేగానికి కొత్త కొలమానం పెట్టింది. యంత్రభాషలోకి ముందే అనువదించి ఉండటం, ప్రాసెసర్ కోర్లన్నిటికీ పని పంచడం, కోడ్ వృక్షం మీద తక్కువసార్లు నడవడం దాని బలం. అదే ఏడాది వచ్చిన వీట్ అభివృద్ధి సమయంలో ఈఎస్‌బిల్డ్‌ను, విడుదల బిల్డ్‌కు రోలప్‌ను వాడుకుంది. ఈ రెండింటి చోటునూ తీసుకోవడానికి రస్ట్ భాషలో రోల్‌డౌన్ తయారైంది.

మినిఫయర్ల కథా ఇలాంటిదే. 2010లో వచ్చిన అగ్లిఫై చాలాకాలం ఏలింది. 2015 తరువాతి కొత్త వ్యాకరణాన్ని అందుకోవడానికి దాని శాఖ నుంచి 2018లో టెర్సర్ విడిపోయింది. టెర్సర్ ఫలితం తరచూ ఈఎస్‌బిల్డ్ ఫలితం కన్నా కొంచెం చిన్నది, తీసుకునే సమయం మాత్రం చాలా ఎక్కువ. రెండిటినీ మీ కోడ్ మీదే నడిపి, బ్రాట్లీ తరువాతి అంకెలను పోల్చి ఎంచుకోండి. మాడ్యూళ్లు, సైడ్ ఎఫెక్ట్‌లు, కాష్ ఎలా పనిచేస్తాయో తెలిసినవారు కొత్త పనిముట్టును త్వరగా పట్టుకుంటారు. మీరు వెబ్‌ప్యాక్‌లో నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ కొందరికి పాత పేజీయే కనిపిస్తోంది, ఇంకొందరికి పేజీ మధ్యలో ఆగిపోయి చంక్ (విడగొట్టిన కోడ్ ముక్క) లోడ్ కాలేదన్న ఎర్రర్ వస్తోంది. రెండూ ఒకే జబ్బా?

జవాబు: మూలం ఒకటే, మందులు రెండు.

మొదటిదానికి: జావాస్క్రిప్ట్, సీఎస్‌ఎస్ ఫైళ్ల పేర్లలో వాటి లోపలి పాఠం నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే గుర్తు ఉండాలి. పాఠం మారితే పేరు మారుతుంది, మారకపోతే పేరూ మారదు. అలాంటి ఫైళ్లకు కాష్-కంట్రోల్ హెడర్‌లో 31536000 సెకన్లు, అంటే ఒక ఏడాది గడువు ఇచ్చి, ఇమ్యూటబుల్ అని చేర్చండి. హెచ్‌టీఎంఎల్ పేజీకి మాత్రం నో-కాష్ ఇవ్వండి. దాని అర్థం దాచుకోవద్దని కాదు, వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ను అడిగి నిర్ధారించుకోమని. మీ సందర్శకులకు పాత పేజీ కనిపిస్తోందంటే హెచ్‌టీఎంఎల్‌కు కూడా ఎవరో పొడుగు గడువు పెట్టి ఉంటారు.

రెండోదానికి: ఒక సందర్శకుడు ఉదయం పేజీ తెరిచాడు. అతని దగ్గరున్న ప్రధాన ఫైలుకు పాత చంక్‌ల పేర్లే తెలుసు. మధ్యాహ్నం మీరు కొత్త బిల్డ్ ఎక్కిస్తూ పాత ఫోల్డర్‌ను ఖాళీ చేశారు. సాయంత్రం అతను ఇంకో విభాగం మీద నొక్కితే, అవసరమైనప్పుడే ఫైలును తెప్పించే డైనమిక్ ఇంపోర్ట్ అడిగిన ఫైలు సర్వర్‌లో లేదు. పాత విడుదలల ఫైళ్లను వెంటనే చెరిపేయకండి. హ్యాష్ ఉన్న పేర్లు ఒకదానితో ఒకటి తగువు పడవు కనుక పక్కపక్కనే ఉండనివ్వండి, కొన్ని వారాలు గడిచాక తీసేయండి. ఎక్కించేటప్పుడు కూడా ముందు కొత్త చంక్‌లు, అవన్నీ చేరాకే హెచ్‌టీఎంఎల్. ఈ వరుస తప్పితే కొత్త పేజీ ఇంకా రాని ఫైలును అడుగుతుంది.

అప్పటికీ ఎక్కడో ఒకచోట తప్పుతుంది కాబట్టి ఆ ఎర్రర్‌ను పట్టుకుని పేజీని ఒకసారి తిరిగి లోడ్ చేయించండి. వీట్‌లో ఇందుకోసం ప్రీలోడ్‌ఎర్రర్ అనే ఈవెంట్ ఉంది. ఒక్కసారే చేయించాలి. ఇప్పటికే చేశామన్న గుర్తును సెషన్ స్టోరేజ్‌లో పెట్టుకోకపోతే, సర్వర్ నిజంగా పడిపోయిన రోజున పేజీ ఆగకుండా తనను తాను లోడ్ చేసుకుంటూనే ఉంటుంది. మరో సంగతి, వినియోగదారుడు ఫారం నింపుతూ ఉంటే తిరిగి లోడ్ చేసే ముందు అతన్ని అడగండి. అతను రాసుకున్నదంతా చెరిగిపోకూడదు.